ఆ మాట అన్నప్పుడు అమ్మ చేతులు

ఈమధ్య కొంతమంది పిల్లలు ఫోన్ చేసి "ఆంటీ, కథలు రాయడానికి టిప్స్ చెప్పండి" అంటున్నారు. కొంతమంది కథలు దిద్దే పనిలోకే వెళ్తామంటున్నారు. పాపం, వాళ్లకి ఇంకా జీతం సంగతి తెలియదు. నా దగ్గర టిప్స్ లేవు. విశాఖపట్నం నుంచి వచ్చే ఒక తెలుగు మాసపత్రికకి చాలా ఏళ్లు కథల విభాగం చూశాను. వచ్చిన కథల్లో వేయదగ్గవి ఏరడం, ఏరినవాటిని రాసినవాళ్లతో మాట్లాడి బాగుచేయించడం, ఇదీ నా పని. పెళ్లికి ముందు ఆ ఆఫీసులో కూర్చుని చేశాను. మా ఆయనకి ఈ హిందీ ఊళ్లో ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం కాబట్టి, పెళ్లయ్యాక భిలాయిలో సెక్టర్ 6 క్వార్టర్ వరండాలో కూర్చుని చేశాను. మొదట్లో కథల కట్టలు రైల్లో వచ్చేవి, తర్వాత కొరియర్లో, చివరికి ఫోన్లోకి. పత్రిక కిందటేడు ఆగిపోయింది. నా పనీ అక్కడితో అయిపోయింది.

ఎన్ని కథలు వేశాను, ఎవరికి బహుమతులొచ్చాయి అన్నది ఇక్కడ రాయను. అవి ఎవరికీ అక్కరలేదు, నాకే సరిగ్గా గుర్తులేవు. ఈ పనిలో నాకు నిజంగా తెలిసినవి నాలుగైదు సంగతులు. చాలామటుకు ఎవరో ఒకరు ఏడిస్తే తెలిసినవే. అవి చెప్తాను.

పెద్దాయన

మా సంపాదకుణ్ణి అందరం పెద్దాయన అనేవాళ్లం. కోపిష్టి మనిషి. టీ చల్లారితే కోపం, కామా ఎక్కువైతే కోపం, ఎవరైనా ఆయన కోపాన్ని గమనించినట్టు కనబడితే ఇంకా కోపం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కథ పట్టుకుని ఆయన గదిలోకి వెళ్లాను. తాగొచ్చి భార్యని కొట్టే మొగుడి కథ. చదివి ఏడ్చాను కూడా. వేద్దామండీ అన్నాను.

ఆయన రెండు పేజీలు తిప్పి, "ఈ మొగుడు పొద్దున్న లేచి ఏం చేస్తాడమ్మా?" అని అడిగాడు.

"కథలో లేదండీ."

"పళ్లు తోముకోడా? చొక్కాకి గుండీ ఊడితే కుట్టుకోడా? మంచివాళ్లకి మీ రచయితలు బోలెడు పనులు పెడతారు. పాపం ఆవిడ అంట్లు తోముతుంది, నీళ్లు మోస్తుంది, పిల్లాడికి అన్నం పెడుతుంది. చెడ్డవాణ్ణి మాత్రం కుర్చీలో కూర్చోబెట్టి నాలుగు మాటలిచ్చి వదిలేస్తారు. చేతులు ఖాళీగా ఉన్న మనిషిని నేను నమ్మను. పట్టుకెళ్లు."

పట్టుకెళ్లాను. ఆ రోజు ఆయన్ని మనసులో తిట్టుకున్నాను. కానీ తర్వాత ఇన్నేళ్లూ ఆ ఒక్క మాట మీదే బతికాను. ఎవరి కథ వచ్చినా అంచున ఎర్ర పెన్నుతో "చేతులు?" అని రాసేదాన్ని. ఈ మనిషి ఈ మాట అంటున్నప్పుడు ఇతని చేతులు ఏం చేస్తున్నాయి? నా వెనక రచయితలు నన్ను చేతులమ్మ అనేవారట. అననీ.

దీంట్లో మర్మం ఏమీ లేదు. ఒక మనిషి చేతుల్లో పని పెట్టాలంటే మీరు అతని దగ్గరికి వెళ్లి చూడాలి. దూరం నుంచి ద్వేషించడం తేలిక. దగ్గర నిలబడి అతను గుండీ కుట్టుకోవడం చూశాక అంత తేలిక కాదు. కథ రాయడంలో కష్టమంతా అక్కడే ఉంది, వాక్యాల్లో కాదు. వాక్యాలు ఎవరైనా దిద్ది పెడతారు.

సత్యంగారి భార్య

అంత తెలిసిన పెద్దాయన ఒక పని చేశాడు. నాకది ఇప్పటికీ కోపమే.

సెక్టర్ 4లో సత్యంగారని ఒక ఇంజినీరు ఉండేవారు. అప్పుడప్పుడు కథలు రాసేవారు, అన్నీ ఒక మాదిరివి. భార్య జబ్బుచేసి పోయాక చాలాకాలం ఏమీ రాయలేదు. ఆ తర్వాత ఒక కథ పంపారు. కథంటూ పెద్దగా లేదు. భార్యాభర్తలు సాయంత్రం కూరగాయల మార్కెట్‌కి వెళ్లి వస్తారు, అంతే. కానీ దారి పొడుగునా ఆవిడ మాట్లాడుతూనే ఉంటుంది. విజయనగరం దగ్గర పల్లెటూరి మనిషి. "ఏటండీ, మల్లీ సంచీ మర్సిపోనారా? ఇప్పుడీ వంకాయలు నా కొంగులో పోయించుకోవాలేటి?" అని మొదలుపెడితే ఇంటికొచ్చేదాకా ఆగదు. చదువుతుంటే ఆవిడ నా పక్కన నడుస్తున్నట్టే ఉంది. నేను ఒక్క గీతైనా పెట్టకుండా విశాఖ పంపాను.

పెద్దాయన ఆవిడ మాటలన్నీ మార్చేశాడు. "ఏమండీ, మళ్లీ సంచి మరచిపోయారా?" అని అచ్చయింది. అచ్చుకి ముందే తెలిసి ఫోన్లో గొడవపడ్డాను. "అందరికీ అర్థం కావాలమ్మా, మన పత్రిక ఒక్క ఉత్తరాంధ్రకే కాదు" అన్నాడు. ఆయన సంపాదకుడు, ఆయన మాటే నెగ్గింది.

పత్రిక వచ్చిన రోజు సాయంత్రం సత్యంగారు మా ఇంటికి వచ్చారు. టీ ఇస్తే ముట్టుకోలేదు.

"బాగానే వేశారండి. బొమ్మ కూడా బావుంది. కానీ ఈవిడెవరో నాకు తెలీదండి" అన్నారు.

అంతే అన్నారు. కాసేపు కూర్చుని వెళ్లిపోయారు. ఆయన దగ్గర భార్య గొంతు ఏ క్యాసెట్లోనూ లేదట, ఏ ఫోన్లోనూ లేదట. అది మిగలాలనే ఆ కథ రాశారని నాకు అప్పుడు తెలిసింది. పెద్దాయనకి ఫోన్ చేసి సత్యంగారు అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ మాట నా చేత ఇంకోసారి చెప్పించుకున్నాడు. తర్వాత, "ఇకమీద ఎవరి మాటా మార్చొద్దు" అన్నాడు. నిజంగానే ఆ తర్వాత మార్చలేదు. సత్యంగారు మాత్రం మళ్లీ ఏమీ రాయలేదు.

దిద్దే పనిలోకి వచ్చేవాళ్లు ఇది గుర్తుంచుకోండి. మీ ముందున్నది ఎవరికో మిగిలిన ఆఖరి వస్తువు అయి ఉండవచ్చు. పెన్ను తెరిచే ముందు ఆ సంగతి కనుక్కోండి.

పేరు మారిస్తే చాలదు

భిలాయిలో ఎవరినీ పేరుతో గుర్తుపట్టరు. అప్పారావులు బోలెడుమంది. కోక్ ఓవెన్ అప్పారావు, రైల్ మిల్ అప్పారావు, సెక్టర్ 7 అప్పారావు, వాళ్లావిడ గట్టిగా మాట్లాడే అప్పారావు, ఇలా. మనిషంటే డిపార్టుమెంటు, షిఫ్ట్, క్వార్టర్, గేటు దగ్గర చెట్టు. ఇక్కడి రచయితలకి ఈ సంగతి తెలిసి కూడా కథ రాసేటప్పుడు మర్చిపోతారు. పేరు ఒక్కటి మార్చి, ఇంక ఎవరికీ తెలియదనుకుంటారు.

ఒకాయన తన పక్కింటావిడ మీద కథ రాశాడు. ఊళ్లో ఆడపిల్లలకి వచ్చిన సంబంధాలన్నీ చెడగొట్టే మనిషిగా. లక్ష్మిని సరస్వతి చేశాడు. గేటు మీద జాజితీగ మాత్రం అలాగే ఉంచాడు, మొగుడి నైట్ డ్యూటీలు కూడా అలాగే ఉంచాడు. నేను ఊరు మార్చి రాయమన్నాను. ఆయన నన్ను కాదని నేరుగా పెద్దాయనకి పంపి వేయించుకున్నాడు. ఆ వారమంతా తెలుగువాళ్లు కుటుంబాలతో సహా ఆ రోడ్డు మీద షికారుకి వెళ్లి జాజితీగ చూసొచ్చారు. మనమూ వెళ్లొద్దామా అని మా ఆయన కూడా అడిగాడు. నవ్వొస్తుంది గానీ, ఆవిడ ఆ తీగని మొదలంటా తనే నరికేసుకుంది. తర్వాత వేరే సెక్టర్‌కి మారిపోయారు. ఆవిడ నిజంగా సంబంధాలు చెడగొట్టిందో లేదో నాకు తెలియదు. ఇప్పుడెవరికీ తెలియదు.

మీకు తెలిసిన మనిషి గురించే రాయండి, తప్పులేదు. కానీ ఆ మనిషి చేత ఇల్లు మార్పించండి, షిఫ్ట్ మార్పించండి, తీగ పీకి ఇంకేదైనా నాటండి. అలా మార్చేటప్పుడు ప్రతిదీ మళ్లీ కొత్తగా ఊహించుకోవలసి వస్తుంది. అక్కడి నుంచే అది కథ అవుతుంది. అంతకుముందు అది చాడీ.

నళిని

ఇంతవరకు చెప్పినదంతా నళిని సంగతి చెప్పడానికే చెప్పాను.

ఇక్కడ ఒకప్పుడు ఒక పద్ధతి ఉండేది. ఉద్యోగంలో ఉండగా తండ్రి పోతే ఇంట్లో ఒకరికి ఉద్యోగం దొరికేది. ఒక్కరికే. ఆ ఒక్కరు ఎవరన్నది ఇంట్లోవాళ్లు తేల్చుకోవాలి. దాన్ని అందరూ 'నాన్న ఉద్యోగం' అనేవారు. ఆ తేల్చుకోవడంలో మాటలు పోయిన అన్నదమ్ములు, అక్కాతమ్ముళ్లు ఈ ఊళ్లో ప్రతి సెక్టర్లోనూ ఉన్నారు.

నళినికి నలభై దాటాయి. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తుంది, సెక్టర్ 4లో భర్తతో ఉంటుంది. ఇక్కడే పుట్టి హిందీలో చదువుకుంది. తెలుగు అక్షరాలు వాళ్లమ్మ నేర్పింది. ఫోన్లో టైపు చేసి నాకు కథలు పంపేది. మూడు కథలు పంపింది, మూడూ ఒకటే కథ. తండ్రి జబ్బుచేసి పోతాడు. పెద్దది కూతురు, డిగ్రీ చదువుతోంది. చిన్నవాడు కొడుకు, పన్నెండో తరగతి తప్పాడు. ఆఫీసు మనిషి ఇంటికొచ్చి ఎవరి పేరు రాయమంటారని అడుగుతాడు. తల్లి కుర్చీలో కూర్చుని కొడుకు పేరు చెప్తుంది. కూతురు ఇల్లు వదిలి వెళ్లిపోతుంది, మళ్లీ రాదు.

ఫోన్ చేశాను. "ఇది మీ ఇంట్లో జరిగిందేనా అమ్మా?"

"అరే నహీ ఆంటీ, కల్పితం."

"కల్పితమైతే తల్లి ఇంత చెడ్డగా ఉండదే."

అవతల నవ్వింది. తర్వాత ఏడ్చింది. ఆ ఆదివారం మా ఇంటికి వచ్చింది.

వాళ్లమ్మ సెక్టర్ 7లో తమ్ముడు రమేష్ దగ్గర ఉంటుందని, పెళ్లయినప్పటి నుంచీ తను ఆ గుమ్మం తొక్కలేదని చెప్పింది. నాన్న ఉద్యోగం వచ్చింది రమేష్‌కే. మార్కెట్లో వాళ్లమ్మ ఎదురైతే స్కూటీ తిప్పి వేరే రోడ్డున వెళ్లేదట. "నౌకరీ కోసం కాదు ఆంటీ. నౌకరీ లేకపోతే ఏటి, బతకట్లేదా. నా పేరు ఎందుకు చెప్పలేదు, అంతే. అది తెలిస్తే చాలు" అంది. ఆ ఒక్క ప్రశ్న కోసమే ఈ పిల్ల కథలు రాస్తోందని నాకు అర్థమైంది. జవాబు తెలియదు కాబట్టి ప్రతిసారీ తల్లిని రాక్షసిని చేస్తోంది.

నా అలవాటు కొద్దీ అడిగాను. "ఆ మాట అన్నప్పుడు మీ అమ్మ చేతులు ఏం చేస్తున్నాయి?"

"ఏటి చేస్తాయి. ఒళ్లో పెట్టుకుని కూర్చుంది."

"చూశావా?"

"చూడలేదు. నేను కింద ఫర్ష్ వైపు, నేల వైపు చూస్తన్నాను. నా పేరే చెప్తాదని తెలుసు కదా ఆంటీ, సిగ్గుపడి తల దించుకున్నాను" అంది.

ఆ మాట విన్నాక నాకు ఆ కథ మీద మాట్లాడాలనిపించలేదు. కానీ పని పనే కదా. "అయితే వెళ్లి అడుగు. కథకి కావాలి" అన్నాను. కోపం వచ్చి లేచి వెళ్లిపోయింది.

తర్వాత తనే మళ్లీ మళ్లీ రాసి పంపింది. ఒకసారి తల్లి చేత బియ్యం ఏరించింది. ఇంటినిండా జనం ఉండగా, మొగుడు పోయిన మనిషి, ఆఫీసు మనిషి ఎదురుగా కూర్చుని బియ్యం ఏరుతుందా అన్నాను. ఇంకోసారి విసనకర్ర ఇచ్చింది, చలికాలం పెట్టుకుని. "మరి మీరే చెప్పండి, క్యా కరూ" అని విసుక్కుంది. "నాకేం తెలుసు, నేనక్కడ లేను. ఉన్నవాళ్లు సెక్టర్ 7లో ఉన్నారు" అన్నాను. అది పంతం. నాకూ పంతమే. పైగా ఆ తల్లి ముసలిదైపోతోందని నాకు భయంగా ఉండేది. ఈ పిల్ల అడిగేలోగా ఆవిడ పోతే ఆ కథ ఎప్పటికీ కుర్చీలోనే కూర్చుండిపోతుంది.

ఒకరోజు స్కూల్ నుంచే ఫోన్ చేసింది. "ఆంటీ, అమ్మ హిందీ మొత్తం మర్చిపోయిందంట. పక్కింటోళ్లతో కూడా తెలుగే మాట్లాడుతోందంట. మనుషుల్ని గుర్తుపట్టట్లేదంట. టైమ్ లేదు ఆంటీ. మీరు నాతో రండి. ఒక్కదాన్నీ వెళ్లలేను."

చదివి వినిపించడం

ఆదివారం పొద్దున్న వెళ్లాం. రమేష్ తలుపు తీశాడు. నళినిని చూసి "దీదీ" అన్నాడు. పక్కకి జరిగాడు.

ముందుగదిలో మంచం మీద వాళ్లమ్మ కూర్చుని ఉంది. సన్నగా, చిన్నపిల్లలా ఉంది. రమేష్ మళ్లీ ఆవిడ వెనక కూర్చుని జుట్టు దువ్వడం మొదలుపెట్టాడు. మేం రాకముందు ఆ పనిలోనే ఉన్నట్టున్నాడు. కొబ్బరినూనె గిన్నె పక్కనే ఉంది. మనిషి బాగా లావు, పెద్ద చేతులు, ఆ నాలుగు వెంట్రుకల్నీ ఎంతో జాగ్రత్తగా దువ్వుతున్నాడు. నళిని రాసిన ఏ కథలోనూ తమ్ముడు ఇలా లేడు.

"ఎవులమ్మా మీరు?" అని ఆవిడ నళినిని అడిగింది.

"అమ్మా, దీదీ వచ్చింది" అన్నాడు రమేష్.

"ఏ దీదీ?"

నళిని నావైపు చూసింది. ప్రశ్న అడగడానికి వచ్చింది, అడగడానికి మనిషి లేదు. మంచం దగ్గర పీట మీద కూర్చుంది. "కథ చదివి వినిపిద్దామని వొచ్చినానమ్మా" అంది. ఆ పిల్ల నోటివెంట అలాంటి తెలుగు నేను అదివరకు వినలేదు.

"సదువు సదువు" అంది ఆవిడ సంతోషంగా.

నా దగ్గర ఒక పద్ధతి ఉంది, రాసేవాళ్లకి ఎప్పుడూ చెప్తాను. మీ కథని ఎవరి గురించి రాశారో ఆ మనిషి ఎదురుగా కూర్చుని చదువుతున్నట్టు ఊహించుకుని ఒకసారి పైకి చదవండి, అబద్ధం ఎక్కడుందో మీ గొంతే చెప్తుంది అని. ఊహించుకోమన్నాను గానీ నిజంగా చదవమని ఎవరికీ చెప్పలేదు. నళిని ఫోన్ తీసి చదవడం మొదలుపెట్టింది.

తండ్రి పోవడం చదివింది. "అయ్యో" అంటూ వింది ఆవిడ. ఆఫీసు మనిషి రావడం చదివింది. తల్లి చేతులు ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది అని చదివింది. అక్కడ దువ్వెన ఆగింది.

"ఒళ్లో లేవు దీదీ" అన్నాడు రమేష్.

నళిని తలెత్తలేదు.

"నేను కుర్సీ వెనకాల ఉన్నాను కదా. అమ్మ చెయ్యి వెనక్కి పెట్టి నా చెయ్యి పట్టుకుంది. నాకప్పుడు ఒణుకు, ఎంత పట్టుకున్నా ఆగట్లేదు. నీకు తెలీదు, నువ్వు కిందకి చూస్తున్నావు. నీ పేరు చెప్తాదనే నేనూ అనుకున్నాను, కసమ్, ఒట్టు. నా పేరు చెప్పాక కూడా వదల్లేదు."

నాకు తెలిసి అప్పటికి రమేష్, తండ్రి పోయిన దగ్గర్నుంచి మంచం దిగడమే గగనం, తిండి లేదు, మాట లేదు. అది నళినే ఒకసారి చెప్పింది, బద్ధకం అని చెప్పింది. తనేమో ట్యూషన్లు చెప్తూ, వచ్చేపోయేవాళ్లని చూసుకుంటూ, ఇల్లు నడిపింది.

"సదువమ్మా, ఆగిపోనావేటి" అంది ఆవిడ.

నళిని చదివింది. తల్లి కొడుకు పేరు చెప్పింది, కూతురు విన్నది. ఆగి ఆగి చదివింది.

ఆవిడ తల ఊపుతూ, కూతుర్ని గుంట అనీ కొడుకుని గుంటడనీ, ఎవరి ఇంటి సంగతో విన్నట్టు అంది. "ఆయమ్మ మాత్రం ఏటి సేస్తాది. గుంట గట్టిది, నిలబడ్డాది. గుంటడు పడిపోతన్నాడు. పడిపోతన్నోడ్నే కదా పట్టుకుంతాం."

ఆవిడే మళ్లీ, "నిలబడ్డ గుంటకి ఆ మాట సెప్పాలి కదా మరి. సెప్పనేదేటి ఆయమ్మ?" అని అడిగింది.

"చెప్పలేదమ్మా."

"తప్పే" అంది ఆవిడ. "గుంట ఎల్లిపోనాదా? మల్లీ వొచ్చినాదా?"

నళిని చేతిలో ఉన్న కథలో కూతురు మళ్లీ రాదు. నాకు తెలుసు, నేను చాలాసార్లు చదివాను. నళిని ఫోన్ ఒళ్లో పెట్టేసుకుని, "వొచ్చినాదమ్మా" అంది.

"తిన్నాదా?"

"తిన్నాది."

"అయితే మంచిదే" అని ఆవిడ మంచం మీద వాలింది. ఆ పూట నళిని అక్కడే అన్నం తింది. రమేష్ భార్య వడ్డిస్తే తల వంచుకుని తింది. నేనూ తిన్నాను గానీ ఏం తిన్నానో తెలియదు.

రెండు ముగింపులు

ఆ తర్వాత నళిని ప్రతి ఆదివారం వెళ్లేది. మా పత్రికలో వచ్చిన కథలు చదివి వినిపించేది. ఆవిడ ఒక్కసారి కూడా కూతుర్ని గుర్తుపట్టలేదు. "కథలమ్మాయి రానేదా" అని రమేష్‌ని అడిగేదట. వానాకాలం మొదట్లో ఆవిడ పోయింది.

కొన్నాళ్లకి నళిని తన కథ పంపింది. నేను ఇన్నేళ్లలో చదివినవాటిలో అంత మంచిది లేదు. ఊరు మార్చింది, కర్మాగారం మార్చింది, ఎవరూ ఏ గేటూ వెతుక్కోలేరు. కుర్చీ వెనక్కి వెళ్లిన చెయ్యి ఉంది. తల్లి అన్న మాటలు ఆవిడ యాసలోనే ఉన్నాయి. తల్లి ఇప్పుడు చెడ్డది కాదు, అలాగని దేవతా కాదు. తప్పు చేసిన మనిషి, తప్పని తెలిసిన మనిషి. కానీ చివర్లో కూతురు తిరిగి రాదు. తల్లి ఎదురుచూసి పోతుంది.

ఫోన్ చేసి అడిగాను. "ఇదేమిటమ్మా, నువ్వు వెళ్లావు కదా. అలాగే రాయి. కథకీ బావుంటుంది."

"అక్కడికి వెళ్లింది కథలు చదివే అమ్మాయి ఆంటీ. కూతురు వెళ్లలేదు. వెళ్లుంటే అమ్మకి తెలిసుండేది" అంది.

నేను వాదించలేదు. కథ చివర ఎలా ఉండాలో నాకు తెలుసని అనుకునేదాన్ని. చాలామంది చేత ముగింపులు మార్పించాను, చాలామటుకు బాగుపడ్డాయి. ఆ పిల్లకి మాత్రం ఏం చెప్పాలో తోచలేదు. ఉన్నదున్నట్టు విశాఖ పంపాను. పెద్దాయన అప్పటికే లేరు, ఆయన కొడుకు చూసేవాడు, వేశాడు. పత్రిక ఆగిపోవడానికి రెండు సంచికల ముందు అచ్చయింది.

పత్రిక వచ్చాక రమేష్ మా ఇంటికి వచ్చాడు. ఇక్కడ పుట్టిన చాలామందిలాగే అతనికి తెలుగు మాట్లాడడం వచ్చు గానీ చదవడం రాదు. "ఆంటీ, దీదీ కథ నాకు చదివి చెప్పండి. దీదీని అడిగితే తర్వాత అంటోంది" అన్నాడు. వరండాలో కూర్చోబెట్టి చదివాను. కుర్చీ వెనక చెయ్యి దగ్గర కళ్లు తుడుచుకున్నాడు. అమ్మ మాటల దగ్గర నవ్వాడు, "అలాగే అంటాది" అన్నాడు. చివరికొచ్చేసరికి ఇంకా ఉందేమోనని చూశాడు. లేదన్నాను.

"దీదీ రాలేదా?"

"కథలో రాదు నాయనా."

"వచ్చింది కదా ఆంటీ. తలుపు నేనే తీశాను. మీరు కూడా ఉన్నారు."

పత్రిక మూసి ఒళ్లో పెట్టుకున్నాను.

"పుస్తకం వేస్తుందంట కదా దీదీ. అందులోనైనా మార్చమనండి. మీరు చెప్తే వింటాది. దీదీ వచ్చిందని ఉండాలి ఆంటీ, లేకపోతే చదివినోళ్లు మా దీదీని ఏటనుకుంటారు?"

చెప్తానని మాటిచ్చాను. అతను వెళ్లిపోయాక ఆ పేజీ మళ్లీ చదువుకున్నాను. నళిని పుస్తకం వచ్చే నెల అచ్చుకి వెళ్తుంది. చూసిపెట్టమని ఇచ్చిన కాగితాలు నా బల్ల మీదే ఉన్నాయి. ముగింపు సంగతి చెప్పడానికి ఇంకా నళినికి ఫోన్ చేయలేదు. ఇద్దరిలో ఎవరి ముగింపు నిజమో నాకు తెలియడం లేదు.